కంచంలో గళ్ళు

కూర్మనాథం స్విచ్ వేసి, జల్లెడ మిషన్ అంచుకు తీగతో కట్టిన స్టీలు కంచంలోకి వంగి చూశాడు. నీళ్ళ మీద గళ్ళు రాలేదు.

పలాస జీడి ఫ్యాక్టరీలో, తొంభైతొమ్మిది తుఫాను తరవాత కొన్న ఆ మిషన్ దగ్గర ఎనిమిదేళ్ళుగా ఆయన పొద్దు ఇలాగే మొదలవుతోంది. జీడిగింజలను చిన్నవీ పెద్దవీ వేరు చేసే ఆ ఇనప జల్లెడ కిందికీ మీదికీ తిన్నగా అదిరితే, కంచంలో నీళ్ళు చిన్న చిన్న చదరపు గళ్ళు కడతాయి. అంత అదురులోనూ గళ్ళు ఉన్నచోటే నిలబడతాయి. వాటి నడుమ పడ్డ పొట్టు పొడి మాత్రం తీరిగ్గా సుళ్ళు తిరుగుతుంది. ఎంత అలసటలోనైనా అది చూడటం ఆయనకిష్టం.

గళ్ళు పక్కకు వాలితే మిషన్ కాలు ఎక్కడో సడలినట్టు. జల్లెడ పక్కనే ఆరుగురు ఆడవాళ్ళు కూర్చుని గింజలు కొడుతుంటారు. కాలు ఊడితే ఆ ఇనుమంతా వాళ్ళ మోకాళ్ళ మీదే.

మిషన్ ఆపేశాడు. ఉబ్బిన పాదాలు ఈడ్చుకుంటూ నాలుగు కాళ్ళకూ పానా పెట్టి చూశాడు. బోల్టులన్నీ బిగువుగానే ఉన్నాయి.

సూపర్‌వైజర్ ఢిల్లీరావు వచ్చాడు. "ఏటి మావా, కంసంలో జాతకం సూత్తన్నావా? బయట లారీ నిలబడున్నాది."

"గళ్ళు రానేదు బావూ."

"గళ్ళ లుంగీ కట్టుకో, రోజంతా సూసుకుందువు!"

ఆడవాళ్ళు నవ్వారు. ఢిల్లీరావు నవ్వలేదు. "ఇంకోపాలి ఆపితే రేపట్నించి ఇంటికాడే కూకో."

కూర్మనాథం స్విచ్ వేశాడు. వారానికోసారి నాగా పెట్టి విశాఖ ఆసుపత్రికి పోయినా, ఈ కాళ్ళతో పనిలో ఉంచుకునే చోటు ఇదొక్కటే.

పది దాటాక కిటికీలోంచి కంచం మీద ఎండ పడింది. నీళ్ళ మీద పలచగా రంగులు మెరిశాయి. ఆయన గింజలు కొడుతున్న కాంతం చేతులకేసి చూశాడు. జీడి సొన తగిలి చర్మం పొక్కకుండా మోచేతుల దాకా ఆముదం.

"కంసంలో నీళ్ళెవలు పోసినారు?"

"నానే మావా. నీ కాళ్ళు ఉబ్బీసినాయి గదా, కుళాయి దాకా నడవక్కర్నేదని."

"సేతులు కడిగినావా?"

కాంతం చేతులు చూసుకుంది. "అయ్యో, నూనె..."

నూనె తేలిన నీళ్ళు గళ్ళు కట్టవు. ఆయన కంచం విప్పి, బూడిదతో తోమి, కొత్త నీళ్ళు పోసి కట్టాడు. గళ్ళు వచ్చాయి. అన్నీ ఎడమకు వాలి ఉన్నాయి.

బిగువుగా తగిలిన బోల్టు లోపల చిట్లి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కాంతం మోకాళ్ళు జల్లెడకు మూరెడు దూరంలో ఉన్నాయి.

స్విచ్ తీసేశాడు.

"సెప్పినాను గదేటి మావా," అన్నాడు ఢిల్లీరావు. ఈసారి వెటకారం లేదు.

"సెప్పినావు. ఎడం పక్క ఎనక కాలు ఇప్పి సూడు. సూసాకే ఎయ్యి."

తువ్వాలు భుజాన వేసుకుని గేటు దాటాడు.

ఢిల్లీరావు ఆ కాలికి పానా పెట్టి వెనక్కి తిప్పగానే బోల్టు తల ఊడి చేతిలోకి వచ్చింది. కాంతం "మావా!" అంటూ రోడ్డు దాకా పరిగెత్తింది. ఆయనెక్కిన టెక్కలి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది.

మర్నాడు ఢిల్లీరావే ఆయన ఊరు నందిగాం వెళ్ళి పనికి రమ్మని పిలిచాడు. "అలిసిపోనాను బావూ," అన్నాడట కూర్మనాథం, అరుగు మీంచి లేవకుండానే.

ఆయన తినకుండా వదిలేసి వెళ్ళిన అన్నం క్యారేజీని కాంతం కడిగి కిటికీలో పెట్టింది. గుర్తు కోసం ఇంట్లోవాళ్ళు దాని పిడికి కట్టిన ఎర్రదారం ఇంకా ఆరలేదు.