పన్నెండు దవడలు

మా అక్క పళ్ల సెట్లు చేస్తుంది, ఇంట్లో ముందు గదే ల్యాబ్. పింగాణీ పళ్లు కాల్చే ఓవెన్ సొంతంగా కొనుక్కోవాలని నాలుగేళ్లుగా క్రిప్టోలో దాచుకుంటోంది. ఆ వాలెట్ తెరవాలంటే పన్నెండు మాటలు వరస తప్పకుండా కొట్టాలి. అవి ఎక్కడ రాసుకుందో తెలుసా? అరలో ఉన్న, రోగుల నోటి అచ్చులతో పోసిన పన్నెండు ప్లాస్టర్ దవడల అడుగున! ఒక్కోదానికి ఒక్కో మాట, పెన్సిల్‌తో!

పడీ పడీ నవ్వాను. "ఏ కాలంలో ఉన్నావే అక్కా? కంప్యూటర్‌లో తాళం వేసిన ఫైల్‌లో పెడతాను, నెట్ పీకేసి మరీ!"

"ఆగవే, వచ్చాక చెప్తా" అని క్లినిక్‌కి వెళ్లింది.

ఆగితే నేనెందుకవుతాను? అరలో ఎడమ నుంచి కుడికి ఉన్న వరసలోనే టకటకా కొట్టేశా. బ్రహ్మరాక్షసి లాంటి పాస్‌వర్డ్ పెట్టా. ఆ ఊపులో దవడల మీద మాటలన్నీ ఉప్పుకాగితంతో గీకేసి, ఎలా పడితే అలా సర్దేశా.

వారం తర్వాత ఓవెన్ వాళ్లకి డబ్బు కట్టాలి. అక్క ఫైల్ చూసి కొట్టింది. తప్పు. మళ్లీ. తప్పు.

"అరలో వరస కాదే తింగరీ! ఒక్కో దవడకి ఒక్కో పన్ను ఊడి ఉంటుంది. కుడి చివర్నించి లెక్కపెట్టు, ఎన్నో పన్ను లేకపోతే అన్నో మాట."

అక్క దవడలు తిరగేసింది. అన్నీ ఖాళీ. గిరుక్కున పక్కనే ఉన్న బావ వైపు తిరిగింది.

"మొన్న తడిగుడ్డతో అర తుడిచింది మీరేగా!"

"పైపైనే తుడిచానే..." బావ గొంతు తగ్గింది. "నావల్లే పోయుంటాయి."

నేను నోరు మెదపలేదు. రెండు రోజులు! అక్క మాట్లాడ్డం మానేస్తే బావ పిల్లిలా తిరిగాడు. మూడోరోజు పొద్దున బండి తాళాలు, కాగితాలు టేబుల్ మీద పెట్టాడు.

"ఇది అమ్మేస్తే ఓవెన్‌కి సగమైనా వస్తుంది."

ఇంక ఆగలేకపోయా. "బావా, గీకింది నేను!"

"అంటే... నేను కాదా?" అని బావ రెండుసార్లు అడిగాడు.

అక్క కళ్లు ఎర్రబడ్డాయి. "ఏ మాట ఏ దవడదో ఒక్కటైనా గుర్తుందా?"

ఒక్కటుంది. ముందు పన్ను లేని దవడ. బావకి పన్ను కట్టినప్పటిది. బావ నవ్వులా ఉందని నోటికడ్డం పెట్టుకుని మరీ ఇకిలించా. దాని అడుగున 'గిటార్'.

"ఎనిమిదో పన్ను. ఎనిమిదో మాట గిటార్" అంది అక్క.

మాటలు ఫైల్‌లో ఉన్నాయి, పోయింది వరసే. నలభై ఏడు కోట్ల పైచిలుకు వరసలు నాలుగు కోట్లకి దిగాయి. నెట్ పీకిన కంప్యూటర్ పొద్దుట్నించీ వాటిని ఒక్కొక్కటే వేసి చూస్తోంది. అక్క నాకు వీపు తిప్పి పళ్లు అరగదీస్తోంది. బావేమో నా పక్కన కుర్చీ వేసుకుని, "దొరుకుతుందిలే మరదలా, ఏడవకు" అంటున్నాడు.

ఒక్కసారి తిట్టొచ్చుగా బావా!