దానిమ్మ ఎరుపు

కడప నౌమాన్ మీద నా కోపం వాడు నా డబ్బు తిన్నాడని కాదు. తిన్నాడో లేదో ఇప్పటికీ తేలలేదు. చెప్పాల్సిన ఒక్క మాట చెప్పకుండా నోరు మూసుకున్నాడు, అదీ నా కోపం.

నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి. రాయచోటిలో ఫోటోలకు ఫ్రేములు కట్టే కొట్లో గాజు కోయడం నేర్చుకున్నాను. ఆ పని మీదే సౌదీలోని తాయిఫ్ వచ్చి అల్యూమినియం కిటికీల షాపులో చేరాను. రంగు గాజు పని నేర్పింది బషీర్ అనే సిరియా ఉస్తాద్. బొమ్మను కాగితం మీద అసలు కొలతలో గీయడం, కాగితాన్ని ముక్కలుగా కత్తిరించి ఒక్కో ముక్కనూ గాజు మీద పెట్టి కోయడం, గాజు ముక్కల మధ్య సీసం పట్టీ దూర్చి కలిసేచోట టంకం వేయడం, అంతా ఆయన దగ్గరే నేర్చాను. మాకు వచ్చేది నీలం, పచ్చ, తేనె రంగు గాజులే. "కొనేముందు అంచు చూడు. రంగు లోపలి దాకా ఉంటే అంచులో కనిపిస్తుంది. అంచు తెల్లగా ఉంటే పైన పూసిన పెయింటే. ఇక్కడి ఎండకు రెండేళ్లు ఆగదు" అనేవాడు. ఆ మాటే పట్టుకుని ఇన్నేళ్లూ పని చేశాను.

ఉస్తాద్ టర్కీ వెళ్ళిపోయాక ఆయన వర్క్‌షాపును నేనూ నౌమానూ చెరిసగం తీసుకున్నాం. నౌమాన్ డిగ్రీ చదివినవాడు. కంప్యూటరు, ఇంగ్లీషు, అరబ్బీ వాడి వంతు, చేతిపని నా వంతు. పేరు మాత్రం మా కఫీల్‌ది, అంటే మాకు వీసా ఇచ్చిన సౌదీ యజమానిది. నా సగం కోసం నా భార్య జైతూన్ బీకి వాళ్ల నాయన రాసిచ్చిన చేను అమ్మాను. వర్క్‌షాపు నిలబడితే ఆ చేనే తిరిగి కొనిస్తానని ఆమెకు మాటిచ్చాను. నాకూ నౌమాన్‌కూ మధ్య కాగితమేమీ లేదు.

అప్పుడు అబూ సాలెహ్ ఆర్డరు వచ్చింది. ఆయనకు దానిమ్మ తోటలున్నాయి. కొత్త ఇంటి మెట్ల దగ్గర ఎత్తైన కిటికీ, దాని నిండా విరగగాసిన దానిమ్మ చెట్టు కావాలన్నాడు. ఇది బాగా కుదిరితే పెద్ద ఇళ్ల పనులన్నీ మీకే వస్తాయన్నాడు కఫీల్. చెడితే షట్టరు దించేస్తానని కూడా అన్నాడు.

ఆకులకు నాలుగు రకాల పచ్చలు వాడాను. చెట్టు పైభాగానికి లేత రంగు, కిందికి వచ్చేకొద్దీ ముదురు. పగిలిన పండులో గింజలు వేలిగోరంత. ఒక్కోటీ రాయి మీద అరగదీసి గుండ్రం చేశాను. అంత ఇష్టంగా నేనెప్పుడూ పని చేయలేదు.

ఎరుపు మాత్రం నౌమాన్ జర్మనీ నుంచి తెప్పించాడు. వాడు చెప్పిన ధర మిగతా గాజంతా కలిపినదానికంటే ఎక్కువ. అప్పటినుంచే నా మనసు మనసులో లేదు. ఫోను మోగితే వాడు షట్టరు బయటికి వెళ్ళి మాట్లాడేవాడు. పెట్టె వచ్చిన రోజు నేను టంకం కడ్డీలు కొనుక్కుని వచ్చేసరికి మేకులు పీకేసి ఉన్నాయి.

"నేను రాకముందే తెరిచినావేంది?"

"పగిలి వచ్చిందేమోనని చూసినాలే అన్నా. అంత సరుకు, భయం ఉండదా?"

మొదటి ముక్క కోసి అంచు చూశాను. తెలుపు. పైన ఉల్లిపొరంత ఎరుపు, కిందంతా మామూలు గాజు. ఒళ్ళు మండిపోయింది. బయటపడకుండా మెల్లగా అడిగాను.

"నౌమానూ, ఈ ఎరుపు లోపల్దాకా ఉండాదా?"

వాడు కంప్యూటరు మీదినుంచి తల ఎత్తలేదు. "జర్మనీ సరుకన్నా అది. కోసేది నువ్వు చూడు, కొనేది నేను చూస్తా."

"బిల్లు యాడుండాది?"

"బిల్లు తీసుకొని ఏం చదువుతావులే? ఇంగ్లీషులో ఉండాది" అని నవ్వాడు.

సాయంత్రం ఫోనులో జైతూన్ బీకి చెప్పాను.

"అనుమానంగా ఉండాదని నేరుగా అడగరాదా వాణ్ణి?"

"అడిగితే అబద్ధం చెప్తాడు."

"చెప్పనీ. మొగం చూస్తే తెలీదా? ఇన్నేండ్లూ గాజు అంచులే చూస్తివి, మనిషి మొగం చూసేది యాడ నేర్చుకున్నావులే!"

అడగలేదు. అడిగితే సర్దుకోవడానికి వాడికి టైము ఇచ్చినట్టవుతుంది. కఫీల్ ముందు, అబూ సాలెహ్ ముందు పట్టిస్తే తప్పించుకోలేడు, తిన్నదాంట్లో నా సగం నాకు కక్కుతాడు అనుకున్నాను. ఆ గాజుతోనే కిటికీ పూర్తి చేశాను. కోయగా మిగిలిన ముక్క ఒకటి జేబులో పెట్టుకున్నాను.

వాళ్లిద్దరూ వచ్చిన రోజు కిటికీని ఎండకు ఎదురుగా నిలబెట్టాం. సిమెంటు నేల మీద దానిమ్మలు పరుచుకున్నాయి. అబూ సాలెహ్ ఆ ఎరుపులో చెయ్యి పెట్టి, అటూ ఇటూ తిప్పి చూసుకుని, "మాషా అల్లాహ్" అన్నాడు. అలాంటి ఎరుపు నేనూ చూడలేదు, అది నిజం. చూసినకొద్దీ ఇంత మోసమా అని నాకు కోపమే పెరిగింది. జేబులోని ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను. అంచు చూపించి, వచ్చీ రాని అరబ్బీలో అన్నాను: "ఇది పెయింటు. ఘిష్." ఘిష్ అంటే మోసం.

అబూ సాలెహ్ కళ్లద్దాలు పెట్టుకుని అంచు చూశాడు. నౌమాన్ ఒక్క అంగలో నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఏం మాట్లాడతాండావు? ఎరుపును అట్లే చేస్తారు!"

తర్వాత వాళ్లకు అరబ్బీలో గడగడా చెప్పాడు, ఫోనులో కంపెనీ బొమ్మలు చూపించాడు. అబూ సాలెహ్ అంతా విన్నాడు. విని ఒక్కటే అడిగాడు: "కోసినవాడు మోసమంటున్నాడు. కొన్నవాడు కాదంటున్నాడు. నేను ఎవరిని నమ్మాలి?" తాగుతున్న గహ్వా కాఫీ కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే కఫీల్ అడ్వాన్సు వెనక్కిచ్చి, సామాన్లమ్మి అది రాబట్టుకుని, షట్టరు దించేశాడు. ఇద్దరికీ పంచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"నేను తిన్నానని అనుకుంటివా?" అన్నాడు నౌమాన్ ఖాళీ వర్క్‌షాపులో. "అడిగింటే చెప్తాంటి కదా."

"అడిగినా కదరా, లోపల్దాకా ఉండాదా అని!"

"నువ్వు ఉస్తాద్‌వి. ఎరుపు సంగతి నీకి తెలీదని నాకెట్ల తెలుస్తాది? ఎకసెక్కం చేస్తాండావనుకున్నా."

వాడి మాట నమ్మక టర్కీలో ఉన్న బషీర్ ఉస్తాద్‌కు ఫోను చేశాను. ఆయన మొదట నవ్వాడు, తర్వాత ఆపేశాడు. ముదురెరుపు గాజు లోపలి దాకా ఎరుపైతే వెలుతురు దాటదట, నల్లగా కనిపిస్తుందట. అందుకని వేడి మీదే తెల్ల గాజుకు పలచగా ఎర్ర గాజు పొర ఎక్కిస్తారట. అది పెయింటు కాదు, ఎన్నాళ్లయినా పోదు. "నీకు చెప్పలేదా? మనమెప్పుడూ ఎరుపు కొనలేదు కదా" అన్నాడు. ఆయనా చెప్పలేదన్నమాట.

నౌమాన్ ఇప్పుడు ధహ్రాన్‌లో ఏసీ ఆఫీసులో కూర్చుంటున్నాడు. ఆ బిల్లు మాత్రం ఇప్పటిదాకా చూపించలేదు. గాజు అసలుదే కావచ్చు, ధర అసలుదేనని ఎవరు చెప్పాలి? నేను మళ్ళీ అల్యూమినియం షాపులో తెల్ల గాజు కోస్తున్నాను. జైతూన్ బీ నన్నేమీ అడగదు. గాలివీడు దగ్గర పోయిన ఆమె చేను ఎకరా డెబ్బై రెండు సెంట్లు, బోరుతో సహా.