ఎనిమిది మాత్రలు తక్కువ

ఆ రోజు ఇంట్లో ఉన్నది నలుగురు. మంచం మీద అన్నయ్య, అతని ఎదురుగా కుర్చీలో ఆసుపత్రి నుంచి నెలకోసారి వచ్చే నర్సమ్మ, మాత్రల సీసా ఒళ్ళో పెట్టుకుని మేనత్త, తలుపు పక్కన గోడకు బల్లిలా అతుక్కుపోయిన చెల్లెలు గువ్వ. నాన్న డ్యూటీకి వెళ్ళాడు.

గువ్వ నాలుగు మాటలు కలిపి మాట్లాడితే ఇంట్లో వింతగా చెప్పుకునేవాళ్ళు. నోరు లేని పిల్లకు కక్ష ఉండదనుకుంటే మాత్రం పొరపాటే. రెండు నెలల క్రితం పరీక్షల హడావిడిలో ఆమె వరసగా నాలుగు రోజులు అన్నయ్యకు మాత్ర ఇవ్వడం మరిచిపోయింది. అతనికి మళ్ళీ గొంతులు వినిపించాయి. చెప్పులు కూడా లేకుండా వీధిలోకి పరిగెత్తాడు. ఆ సాయంత్రమే అత్త సీసా లాక్కుంది. లాక్కుని ఊరుకుందా? కుళాయి దగ్గర, కొట్టు దగ్గర, కనబడ్డవాళ్ళందరికీ చెప్పింది. "సొంత అన్నని వీధిన పడేసిందమ్మా మహాతల్లి!" అని.

అప్పటినుంచి గువ్వ అదను కోసం కాచుకుంది. నర్సమ్మ వచ్చినప్పుడల్లా మాత్రలు లెక్కపెడుతుంది. అందుకే నిన్న, అత్త స్నానానికి వెళ్ళినప్పుడు, సీసాలోంచి ఎనిమిది తీసి తన కంపాస్ పెట్టెలో దాచింది. అత్త రోజుకు ఒకటికి బదులు రెండేసి మింగిస్తోందని తేలాలి. అందరి ముందూ చీవాట్లు తినాలి. సీసా మళ్ళీ తన చేతికి రావాలి.

నర్సమ్మ మాత్రలను కాగితం మీద పోసింది.

"ఎన్నుండాలమ్మా?"

"పద్నాలుగు, సిస్టర్."

"ఆరే ఉన్నాయి."

అత్త ముఖం మాడిపోయింది. "అదెలా? రోజూ నా చేత్తోనే కదా వేస్తా!"

"మరి మిగతా ఎనిమిదీ ఎవరు తిన్నారు, ఎలుకలా?"

గువ్వ కడుపు చల్లబడింది. వెళ్ళి చెప్పుకో అత్తా, ఇది కూడా కుళాయి దగ్గర చెప్పుకో, అనుకుంది.

నర్సమ్మ అన్నయ్య మోచేతిని వంచి, చాపి చూసింది. చేతులు ముందుకు పెట్టమంది. వేళ్ళు వణకలేదు. లేచి నిలబడమని, కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగింది.

"రెండేసి పడ్డ మనిషి ఇలా ఉండడు. చేతులు బిగుసుకుపోయేవి, పగలంతా మత్తుగా పడుండేవాడు. మీ కళ్ళుగప్పి తనే తీసి ఉంటాడమ్మా. సీసా ఇలా అందుబాటులో పెడతారా? ఇకమీద పాప చూసుకుంటుందిలే." సీసా తెచ్చి గువ్వ చేతిలో పెట్టింది.

అత్త తల దించుకుంది. గువ్వ సీసాను గట్టిగా పట్టుకుంది. గెలిచింది.

నర్సమ్మ అన్నయ్యవైపు తిరిగింది. "బాబూ, అవి ఎక్కడ దాచావు? అన్నీ ఒక్కసారి మింగుదామనా?"

"నేను తియ్యలేదండీ."

"దాచుకునేవాళ్ళని ఇంట్లో ఉంచడం మంచిది కాదు. డాక్టరుగారికి చెప్పాలి. కొన్నాళ్ళు వార్డులో ఉండాల్సొస్తుంది."

వార్డు అన్న మాటకు అన్నయ్య దుప్పటిని పిడికిట్లో బిగించాడు. నిరుడు అక్కడున్న ఇరవై రోజులూ అతనికి పీడకలే. "తియ్యలేదు. ఒట్టు. తియ్యలేదు." తర్వాత తన చేతులవైపు చూసుకున్నాడు. "తీశానేమో... నాకే గుర్తులేదేమో."

గువ్వ చేతిలోని సీసావైపు చూసుకుంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే సీసా తనదే. అత్త తల దించుకునే ఉంటుంది. ఆ నిమిషంలో సగం ఊరుకుంది కూడా.

"అన్నయ్య తియ్యలేదు," అంది చివరికి. "నేనే."

వెళ్ళి కంపాస్ పెట్టె తెచ్చింది. నర్సమ్మ లెక్కపెట్టింది. ఎనిమిదీ ఉన్నాయి.

"చూశారా సిస్టర్, చూశారా దీని బుద్ధి!" అత్త తల ఒక్కసారిగా లేచింది. అప్పుడు కూడా ఆ సీసా ఆమె ముఖాన కొట్టాలనిపించింది గువ్వకి. నర్సమ్మ దాన్ని గువ్వ చేతిలోంచి తీసుకుంది.

అన్నయ్య మంచం దిగి వచ్చాడు.

"నా మాట ఎవరూ నమ్మరు, అది నాకలవాటే," అన్నాడు. "నువ్వు నన్ను నేనే నమ్మకుండా చేశావు కదే."

భుజం పట్టుకుని, నెమ్మదిగానే, గడప బయట నిలబెట్టి ఆమె ముఖం మీదే తలుపు వేసేశాడు.