బోనెక్కిన తమ్ముడు

దుర్గవ్వ తమ్ముడి సంచి సర్దుతోంది. మడత పెట్టిన లుంగీ, పౌడరు డబ్బా, దారిలో తినడానికి సకినాలు, అన్నిటి మీద తన పెనిమిటి రాజలింగు తువ్వాల. సర్దినవన్నీ మళ్ళీ తీసి చూసుకుంది. ఏదో మరిచినట్టే ఉంది.

"నాటకానికి పోతున్ననక్కా, దుబాయికి కాదు," అని నవ్వాడు సదానందం.

రాజలింగు శ్రీరాంపూర్ బొగ్గుబాయిలో పని దిగి వస్తుంటే ఇంటి జాగ తగాదాలో పాలివాళ్ళు కొట్టి చంపారు. చూసినవాళ్ళు లేరని కోర్టు కేసు కొట్టేసింది. ఆ సాయంత్రం తాను రిహార్సల్లో ఉన్నానని సదానందం కూడా జడ్జికి చెప్పాడు. ఇప్పుడు అతని నాటక సమాజమే ఆ విచారణను కరీంనగర్‌లో ఆడుతోంది. కోర్టుకు దొరకని సాక్షిని నాటకంలో పెట్టారు. ఆ వేషం సదానందానిది.

"గీడనన్న బావకు న్యాయం జరుగుతదక్కా," అని బతిమాలి ఆమెనూ బస్సెక్కించాడు.

తెర లేచింది. ఆ తువ్వాల భుజాన వేసుకుని తమ్ముడు బోనులో నిలబడితే దుర్గవ్వకు కడుపు నిండినట్టయింది. రాసిన మాటలన్నీ అయిపోయాక, చప్పట్ల ఊపులో సదానందం ఇంకో మాట అందుకున్నాడు.

"దెబ్బ మీద దెబ్బ పడుతుంటె మా బావ ఏమన్నడో ఎరుకేనా సారూ? 'ఇడువుండ్రిరా, ఇంటికాడ చాపల కూర సల్లారిపోతది' అన్నడు!"

జనం కళ్ళు తుడుచుకున్నారు. దుర్గవ్వ కళ్ళు ఎండిపోయాయి. శనివారం వాళ్ళింట్లో నీసు ముట్టరు. రాజలింగు పోయింది శనివారమే. ఆ రోజు అతను నోరు కట్టుకోలేక బతిమాలితే, ఊరికి పోయిన అత్తకు తెలియకుండా వండింది. చావుకబురు రాగానే పెరట్లో పారబోసింది. ఆ పాపమే మనిషిని మింగిందేమోనని ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

దుర్గవ్వ తెర వెనక్కి పోయేసరికి సదానందం గుడ్డతో పౌడరు తుడుచుకుంటున్నాడు.

"గా చాపల మాట ఎవలు రాసిండ్రురా?"

"నోటికచ్చిందక్కా. మస్తు పండింది గద!"

"శనివారం నాడు మా ఇంట్ల చాపలెట్లుంటయిరా?"

సదానందం చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"చెట్లసాటుకెళ్ళి చూసిన. వాళ్ళు నన్ను చూసిండ్రు. నోరిప్పితె నీగ్గూడ గదే గతన్నరు. పిల్లలు గలోన్నక్కా..."

"నేను పిల్లలు లేనిదాన్నా? గింతమంది ముంగట లేసిన నోరు జడ్జి ముంగట ఎందుకు లేవలే? నా చేతి బువ్వ తినుకుంట ఎట్ల ఊకున్నవ్‌రా ఇన్నేండ్లు?"

దుర్గవ్వ అతని భుజం మీది తువ్వాల లాక్కుంది. సంచి అక్కడే వదిలేసి ఒక్కతే బస్సెక్కింది.

రాజలింగు 2015 ఆగస్టులో ఒక శనివారం పనికి పోయి తిరిగి రాలేదు. సదానందం 2023 మార్చిలో కరీంనగర్‌లో నాటకమాడాక అక్క ఇంటికి మళ్ళీ రాలేదు.