సముద్రం వైపు నుంచి

కూర్మమ్మ పుట్టింది సముద్రం ఒడ్డున, కాపురానికొచ్చింది సముద్రం ఒడ్డుకే. చీపురుపల్లి సంతలో చేపలమ్మి పిల్లల్ని పెంచి పెళ్లిళ్లు చేసింది. అయినా ఏనాడూ తెప్పలో కాలు పెట్టి ఎరగదు. వాళ్ల నడిమిపేటలో ఆడది తెప్ప ఎక్కితే వల ఖాళీగా వస్తుందంటారు. ఆడవాళ్లు ఒడ్డున నిలబడి ఎదురుచూడాలి, గంప నింపుకోవాలి, అమ్ముకురావాలి. ఆ ఆచారం మీద కూర్మమ్మకు కోపమేమీ లేదు, కోప్పడడానికి తీరికుంటే కదా.

అలాంటి మనిషిని ఆ మాఘమాసంలో ఒక తెల్లవారుజామున మొగుడు నారాయణమూర్తి కళింగపట్నం ఒడ్డున చెయ్యి పట్టుకుని తెప్పలోకి లాగాడు. ఆమె చెప్పులు విప్పి సంచిలో పెట్టుకుని, గుళ్లోకి అడుగుపెట్టినట్టు కుడికాలు ముందు పెట్టింది.

దీనికంతటికీ కారణం అతని కళ్లు. కంట్లో నరం ఎండిపోతోందని, పోయిన చూపు ఇక రాదని, ఉన్నదాన్నైనా చుక్కలమందుతో నిలబెట్టుకోమని శ్రీకాకుళంలో డాక్టరు చెప్పాడు. చేతికందే వస్తువులు బాగానే కనిపిస్తాయి. దూరాన ఉన్న ఒడ్డు మాత్రం తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉంటుంది. ఈ సంగతి పెళ్లానికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెలిస్తే ఇంకేమైనా ఉందా? అతను సరంగు. చుక్కాని పట్టేవాడికే చూపు లేదంటే ఆ తెప్ప ఎవడెక్కుతాడు?

పోయిన నెలలో తెప్ప అడుగు పగిలితే, కళింగపట్నంలో ఫైబర్ అతుకు వేసే మనిషి దగ్గర వదిలి వచ్చారు. తిరిగి తేవడానికి, అతనితో వేటకెళ్లే జట్టువాళ్లు బయల్దేరబోతే నారాయణమూర్తి వద్దన్నాడు, బావమరిది తోడొస్తాడని అబద్ధమాడాడు. పెళ్లానికి మాత్రం నిజం చెప్పాడు. జట్టు లేకుండా ఒక్కసారి తీరమంతా తానే నడుపుకుని రావాలి. రాగలిగితే సరే, లేకపోతే తెప్ప అమ్మేసి ఇంట్లో కూర్చుంటాడు. ఒడ్డున గురుతులు చూసి చెప్పడానికి ఆమె ఉంటే చాలు. పేట ఇంకా రాకముందే, కోనాడ దగ్గర దింపేస్తాడు. ఆటోలో ఇంటికి పోతే మూడోకంటికి తెలియదు. తుఫానుకు రెండు రోజులు వేట ఆగితేనే ఇల్లంతా తిరిగి గిన్నెలకు వంకలు పెట్టే మనిషి, జన్మంతా ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటాడో కూర్మమ్మ ఊహించుకుంది. మారుమాట్లాడకుండా బయల్దేరింది.

ఇక ఆ ఇంజను సంగతి. అది నలుగురి చేతులు మారి వచ్చింది. తాడు లాగితే దగ్గుతుంది, తిడితే ఆగుతుంది, బతిమాలితే మనసైనప్పుడు తిరుగుతుంది. అందుకే పేటలో అందరూ తెరచాపలు చుట్టి అటకెక్కించినా నారాయణమూర్తి తనది తెప్పలోనే ఉంచుకున్నాడు. ఆ రోజు శ్రీకూర్మం తీరం దాకా మర్యాదగా నడిచి, అక్కడ ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది. తాడు లాగి లాగి అతని భుజం నొప్పెట్టింది. చివరికి ఇద్దరూ కలిసి చాప ఎత్తారు.

ఇంజను మోత పోయాక కూర్మమ్మకు మొదటిసారి సముద్రం వినబడింది. పుట్టినప్పటి నుంచి చెవుల్లో ఉన్న ఆ హోరు ఇక్కడ లేదు. ఆ హోరు ఒడ్డుదే గాని సముద్రానిది కాదన్నమాట. ఇక్కడ నీళ్లు నిద్రపోయే పిల్లాడి పొట్టలా మెల్లగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఈశాన్యం గాలి చాపలో నిండి తెప్పను నైరుతికి తోసుకుపోతోంది. ఆమె ఒళ్లు జలదరించింది. ఇది భయమేమో అనుకుంది గానీ భయం కాదు.

అప్పుడు కనిపించాయి తాబేళ్లు. ముందు ఒకటి, తర్వాత రెండు, తర్వాత ఎటు చూస్తే అటు. ఎండకు వీపులు ఆరబెట్టుకుంటూ, తల పైకెత్తి ఊపిరి తీసి, మళ్లీ మునుగుతూ గుడ్లు పెట్టడానికి తీరానికి వస్తున్నాయి. తాబేలు రూపంలో వెలసిన శ్రీకూర్మం స్వామి పేరే పెట్టుకున్న మనిషి ఆమె. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఏటి కనిపిస్తన్నాదని నారాయణమూర్తి అడిగాడు. తాబేళ్లు, ఎటు చూస్తే అటేనంది. అతను చుక్కాని వదలకుండానే చెయ్యి నీళ్లలో పెట్టి, పక్కనే పోతున్న ఒక వీపును తాకాడు.

మధ్యాహ్నానికి అసలు పని మొదలైంది. పెద్దకొండా చిన్నకొండా పక్కపక్కన కనిపిస్తే చెప్పమన్నాడు, ఆ కొండల కిందనే కోనాడ ఒడ్డుకు తిరగాలి. కాసేపటికి కొండలు కనిపించాయి. కానీ కూర్మమ్మ అవి మనవి కావంది. చీపురుపల్లి బస్సులోంచి రోజూ చూసే కొండలు ఆమెకు తెలియవా? చిన్నది ఎడమవైపున ఉండాలి, ఇక్కడ కుడివైపున ఉంది. నారాయణమూర్తి ఆమె మాట నమ్మి ముందుకే పోనిచ్చాడు.

చాలా దూరం పోయాక తెల్లగా తుఫాను షెల్టరు కనిపించింది. దాని పక్కన నీళ్లట్యాంకు. నీలం రంగు కారిన ఆ ట్యాంకు నడిమిపేటది కాక ఇంకెవరిదవుతుంది? కూర్మమ్మ వెనక్కి తిరిగి కొండలను చూసింది. చీరను తిరగేసి చూస్తే అంచు అటుదిటు అవదూ, అదే జరిగింది. ఇన్నేళ్లూ ఆమె లోకాన్ని రోడ్డు వైపు నుంచి చూసింది, ఇవాళ సముద్రం వైపు నుంచి చూస్తోంది.

"మావా, తప్పయిపోనాది. ఆ కొండలు మనయే. కోనాడ దాటొచ్చేసినాం," అంది.

అతను చాప వైపు చూశాడు. గాలికి ఎదురు తిరిగి వెనక్కి పోలేరు. ఇంజను తాడు లాగాడు, అది దగ్గనైనా దగ్గలేదు. ఎదురుగా పేట. ఒడ్డున జట్టువాళ్లు తెప్పను గుర్తుపట్టి నీళ్ల దాకా వచ్చి నిలబడ్డారు. ఇక దాచడానికేమీ లేదు. ఆమెను తెప్పలో చూస్తారు, ఎందుకని అడుగుతారు.

"మా అయ్యతో మొదటిసారి వచ్చినప్పుడు నేనూ ఆ కొండలు మనయి కావనే అన్నాన్లే," అన్నాడు నారాయణమూర్తి. "ఎనక్కి తిరిగి కూకో. కెరటాలు నువ్వు సూడు, నేను చుక్కాని పడతాను."

ఆమె వెనక్కి తిరిగి కూర్చుంది. నల్లగా వీపులెత్తుకుని వస్తున్నాయి కెరటాలు. ఒకదాని వెంట ఒకటి పెద్దవి పోవాలి, ఆ వెనకొచ్చే చిన్నదాని మీద ఎక్కాలి. ఆ సంగతి ఒడ్డున నిలబడి చూసీ చూసీ ఆమెకు తెలుసు. ఉండు, ఉండు అంటూ పోయింది. అతను కళ్లు మూసేసుకుని అరికాళ్లతో నీటి ఊపు వింటున్నాడు.

"ఇప్పుడు," అంది కూర్మమ్మ.

నీరు తెప్పను ఎత్తింది. ఆ ఒక్క క్షణం తల తిప్పి చూస్తే పేట మొత్తం కాళ్ల కింద కనిపించింది. తాటాకుల కప్పులూ, ఆరేసిన వలలూ, తన ఇంటి రేకులూ, గంపలు పెట్టుకుని ఎదురుచూస్తున్న ఆడవాళ్లూ. ఇన్నేళ్లూ అక్కడ తాను ఇంతే కనిపించేదన్నమాట. అంత చిన్న మనుషుల్ని వెతుక్కుంటూ రోజూ ఈ నీళ్లు దాటి వచ్చేవాడా ఇతను? ఆమెకు ఏడుపొచ్చింది. అంతలో తెప్ప ఇసకను రాసుకుంటూ ఆగింది.

కూర్మమ్మ తడిచీరతో దిగుతుంటే మగవాళ్లు పక్కకు చూశారు. జట్టులో పెద్దవాడు జగన్నాధం తెప్ప మొనను పట్టుకుని నిలబడ్డాడు. నారాయణమూర్తి కిందికి దిగలేదు.

"దాన్నేటీ అనకండి. నాకు సూపు పోనాది. దాని కళ్లతో వచ్చినాను. రేపటి నించి మీరు వేరే సరంగును సూసుకోండి," అన్నాడు అందరికీ వినబడేలా.

జగన్నాధం తుండుగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"ఒరే బావా, రెండేళ్ల నించి తెప్ప ముందు కూకుని అదిగో కొండ, ఇదిగో కెరటమని నేను అరస్తన్నది ఎవరికనుకున్నావు?"

జట్టువాళ్ల ముఖాలు నారాయణమూర్తికి కనిపించవు గాని, ఒక్కరూ కొత్త సంగతి విన్నట్టు లేరని కూర్మమ్మకు కనిపిస్తూనే ఉంది. గుట్టు దాచామని తిరిగిందల్లా తామిద్దరే.

"నీకు మాటల జబ్బనుకున్నాను," అన్నాడు నారాయణమూర్తి.

"అనుకో. దిగు. ఆ ముసలి ఇంజను సంగతి సూడాల, రేపు వేటకెల్లాల," అని జగన్నాధం ఇంజను మూత విప్పడానికి తెప్పెక్కాడు.