మొదటి ఓనర్

జ్యోత్స్న పోయిన మూడో నెలలోనే శివశంకర్ ఆమె కారును తన పేరుకు మార్పించుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఇరవై రెండేళ్లుగా పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతున్న మనిషి. పేరు మార్పుకు మూడు నెలల గడువుంటుంది; అతనికి గడువంటే గడువే. మరణ ధ్రువపత్రం, వారసుల పత్రం, ఫారాలు వరుసగా పెట్టుకుని వెళ్తే ఆర్టీఏ ఆఫీసు గుమస్తా మెచ్చుకున్నాడు కూడా. "గింత పద్ధతిగ ఎవ్వరు తేరు సార్," అన్నాడు.

ఆ పద్ధతే ఇప్పుడు మెడకు చుట్టుకుంది.

"ఎనిమిదేళ్ల బ్యాటరీ వారంటీ మొదటి ఓనర్‌కే అండి," అంది మౌనిక. కోకాపేట దగ్గరి సర్వీస్ సెంటర్లో కౌంటర్ వెనక కూర్చునే అమ్మాయి. మాట మెత్తన.

"మొదటి ఓనర్ మా ఆవిడనే."

"అయితే ఇబ్బందే లేదండి. మేడమ్ గారిని ఒక్కసారి తీసుకొస్తే సంతకం పెట్టించుకుని..."

"ఆమె లేదమ్మా."

"ఊళ్లో లేరా అండి?"

శివశంకర్ ఆర్సీకి జత చేసిన కాగితాన్ని ఆమె వైపు తిప్పి పెట్టాడు. మౌనిక చదివి, "సారీ అండి," అంది. కాసేపటికి గొంతు తగ్గించి, "పేరు మార్చకుండా ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్లమండి. ఇప్పుడు సిస్టమ్ మిమ్మల్ని సెకండ్ ఓనర్ అని చూపిస్తోంది," అంది.

ఇరవయ్యేళ్లు ఒకే పొయ్యి మీద వండుకు తిన్నవాడు ఒక్క సంతకంతో సెకండ్ హ్యాండ్ కొన్నవాడయ్యాడు.

ఆరేళ్ల కిందట జ్యోత్స్న తన జీతంతో కొన్న కారు అది. నల్లగండ్లలో వాళ్ల అపార్ట్‌మెంట్‌కు వచ్చిన మొదటి కరెంటు కారు. సెల్లార్లో చార్జింగ్ పాయింట్ కోసం అసోసియేషన్‌తో ఏడాది కొట్లాడింది. "అగ్గి అంటుకుంటే ఎవరమ్మా జవాబు?" అని ప్రెసిడెంట్ అడిగితే, "మీ వంటింట్ల సిలిండర్‌కు ఎవరు జవాబో దీనికీ ఆయననే అంకుల్," అన్నది. కొత్తలో నిండా చార్జి చేస్తే రెండు వందల ఎనభై కిలోమీటర్లు వచ్చేది. వారమంతా కోకాపేట ఆఫీసుకు తిరిగినా ఇంకా మిగిలేది. ఇప్పుడు నూట ఇరవై దాటడం లేదు. కొత్త బ్యాటరీ సొంతంగా వేయించడం మాస్టరు జీతానికి అందే పని కాదు.

అమ్మేద్దామని ఒక్కసారి అన్నందుకు కూతురు నీహారిక మూడు రోజులు అతనితో మాట్లాడలేదు. డిగ్రీ మొదటి ఏడాది పిల్ల. నాలుగో రోజు కంచం ముందు కూర్చుని, "నేను డ్రైవింగ్ నేర్చుకుంటే ఆ బండి మీదనే నేర్చుకుంట. లేకుంటే నాకొద్దు," అంది. వారంటీ ఉంది కదా, బ్యాటరీ మార్పిస్తానని మాటిచ్చాడు. ఆ మాట కోసమే ఇవాళ సెలవు పెట్టి వచ్చాడు.

"ఒక్క దారుందండి," అంది మౌనిక. "మేడమ్ ఉన్నప్పుడే ప్రాబ్లమ్ మొదలైందని తేలితే, స్పెషల్ కేసుగా హెడ్డాఫీసుకు పంపొచ్చు. మొగిలన్నను ఒకసారి చూడమంటాను."

మొగిలి అక్కడి పాత మెకానిక్. స్టీరింగ్ కింద ఎక్కడో వైరు గుచ్చి, ల్యాప్‌టాప్‌ను సీటు మీద పెట్టుకుని కాసేపు చూశాడు.

"సార్, జర ఇటు రండ్రి. మనిషి మర్సిపోతడు గానీ బండి మర్సిపోదు. బ్యాటరీల ఒక మాడ్యూల్ ఖరాబైంది. ఎప్పటిసంది ఖరాబైందో తారీకుతోని రాసి పెట్టుకున్నది."

తెర మీద తేదీ ఉంది. రెండేళ్ల కిందటి మార్చి పద్నాలుగు.

జ్యోత్స్న పోయి పదకొండు నెలలు. శివశంకర్‌కు ప్రాణం లేచొచ్చింది. "అప్పుడామె ఉన్నది! ఆమెనే నడిపేది!"

"నడిపిన మనిషికి తెల్వకుండ ఉండదు సార్. డెబ్బై పర్సెంట్ చూపిస్తది, గంటల నలభైకి వడ్తది. మేడం పరేషాన్ కాలేదా?"

శివశంకర్ కళ్లు మళ్లీ తెర మీది తేదీకి వెళ్లాయి.

అయింది. ఆ ఎండాకాలమే చెప్పింది. "శంకర్, చార్జి నిలుస్తలేదు. ఆఫీసుల నాకు తీరుతలేదు, శనివారం నువ్వు సర్వీసుకు తీస్కపోతవా?" అతను తీసుకుపోలేదు. కాగితం తీసి బొమ్మ గీశాడు. "శక్తి యాడికీ పోదు జ్యోత్స్నా, నువ్వే పారేసుకుంటున్నవ్. కాలు మెత్తగ పెట్టాలె. ఏసీ గంత చల్లగ ఎందుకు?" పక్కనుంచి నీహారిక, "అమ్మ బండి నడపదు నాన్నా, తొక్కుతది," అంది. తండ్రీ కూతురూ పడీ పడీ నవ్వారు. జ్యోత్స్న కూడా నవ్వింది.

మర్నాటి నుంచి ఏసీ మానేసింది. మే నెలలో అద్దాలు దించుకుని, ఖాజాగూడ సిగ్నల్ దగ్గర బస్సుల పొగలో ఆగి ఆగి వచ్చేది. కుర్తా వీపుకు అంటుకుని ఉండేది. చెప్పులైనా విప్పకుండా, "ఇయ్యాల అరవై మిగిలింది సార్," అని అప్పజెప్పేది, హోంవర్క్ చూపించే పిల్లలాగా.

"చూసినవా మరి," అనేవాడు అతను.

సర్వీసు మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

మౌనిక రికార్డంతా వెతికింది. "కంప్లయింట్ ఒక్కటీ లేదండి. ఉంటే పనైపోయేది." అతని ముఖం చూసి, ఒక తెల్ల కాగితం ముందుకు జరిపింది. "పర్వాలేదండి. తేదీ మన వైపే ఉంది. అప్పుడే ఎందుకు తీసుకురాలేదని మాత్రం అడుగుతారు. మేడమ్ గమనించలేదని రాసివ్వండి. ఇలాంటివి రెండు మూడు ఒప్పుకున్నారు."

"గమనించలేదని?"

"అంతేనండి. ఒక్క లైను."

పెన్ను తీశాడు. 'నా భార్య' అని రాశాడు. మిగిలింది ఒక్క మాట. నీహారిక గుర్తొచ్చింది. పోయిన మనిషికి ఒక్క మాటతో వచ్చే నష్టమేమిటని కూడా అనిపించింది. అలా అనిపించినందుకే పెన్ను ఆగిపోయింది. ఆమెకు తెలియదని అనడం అతనికి కొత్త కాదు.

చాలాసేపటి తర్వాత మిగతాది రాశాడు. 'నా భార్య గమనించింది. సర్వీసుకు తీసుకెళ్లమని నాతో చెప్పింది. నేను తీసుకురాలేదు.' కింద సంతకం, తేదీ.

మౌనిక చదివింది. "ఇలా రాస్తే రిజెక్ట్ చేస్తారండి."

"తెలుసమ్మా. పంపు."

బయటికొచ్చి కార్లో కూర్చున్నాక నీహారికకు ఫోన్ చేశాడు.

"అయిందా నాన్నా? ఎప్పుడు మారుస్తరంట?"

"మార్చరు బిడ్డా."

"అదేంది? వారంటీ ఉన్నదన్నవ్ గదా!"

"నా పేరు మీదికి మార్చినంక లేదంట. ఒక్క మాట రాస్తే మార్చేటోళ్లేమో. నేను రాయలేదు."

"ఏం మాట?"

"అమ్మకు తెల్వలేదని. బ్యాటరీ రెండేండ్ల కింద మార్చిలనే ఖరాబైందంట. తారీకుతో సహా బండిల ఉన్నది."

కాల్ కట్ అయిందేమోనని ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూశాడు. కాలేదు.

"రాస్తే ఏమైతుండె నాన్నా?" గొంతు సన్నగా వచ్చింది. "అమ్మ మీద ఇంకో తప్పు ఏస్తే ఏమైతుండె? అప్పుడు ఏసినం గదా ఇద్దరం."

"నీహా..."

"బండి ఉండేది కదా!" అని, పెట్టేసింది.

మళ్లీ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి చేయబోతుంటే మొగిలి అద్దం మీద వేలితో తట్టాడు.

"సార్, జర బండి తియ్యుండ్రి. ఎనక ఇంకోటున్నది."