అత్తమ్మ పెట్టిన అండీలు

గిరి ఫోన్ చేసే సమయానికి నా రెండు చేతులూ జొన్నపిండిలో ఉన్నాయి. మోచేత్తో స్పీకర్ నొక్కాను.

"డీఎస్సీ లిస్టుల నీ పేరున్నది అనూ. మూడుసార్లు చూసిన. మీ నాయిన పేరు గూడ కలిసింది," అన్నాడు. అతను పనిచేసే పశువుల దవాఖానలో వెనక ఒక బర్రె అరుస్తోంది. అది కూడా నన్ను మెచ్చుకుంటున్నట్టే వినిపించింది. స్కూల్ అసిస్టెంట్, ఇంగ్లీషు. రేపే పాలమూరులో సర్టిఫికెట్ల పరిశీలన. ఫోన్ పెట్టేసే ముందు గొంతు తగ్గించి, "టీచరమ్మా, పొద్దుమీకి ఏం తేవాలె?" అని అడిగాడు. పెళ్లయి మూడు నెలలే అయింది మరి. ఆ పిలుపుకు నా చెవులు వేడెక్కాయి, పెనం మీద రొట్టె మాడింది.

పొయ్యి దగ్గర కూర్చున్న మా అత్తమ్మ మల్లీశ్వరి అంతా విన్నది. నా బుగ్గ గిల్లుతుందేమో, నా పిండి చేతులను లెక్కచేయక దగ్గరికి లాక్కుంటుందేమో అనుకుని ఆమె వైపు తిరిగాను. ఆమె లేచి నిలబడి, కొంగు సర్దుకుని, "చాలా సంతోషమండి. ఇంక మీరు లేవండి. రొట్టెలు నేను చేస్తాను," అన్నది.

మళ్లీ అండి. మళ్లీ మీరు.

కోయిల్‌కొండకూ కోస్గికీ నడుమ ఉన్న ఈ ఊళ్లో కోడలిని మీరు అనే అత్తను ఎవరూ చూసి ఉండరు. ఆమె అందరితో అట్లా మాట్లాడదు. కొడుకును అరేయ్ గిరిగా అంటుంది. గోడవతలి నర్సింగమ్మతో ఆమె మాట్లాడుతుంటే పని మానేసి వినాలనిపిస్తుంది. నేను అడుగుపెట్టగానే మాత్రం టీవీ సీరియల్‌లో అత్తగారిలాగా అయిపోతుంది. మాకు పెళ్లి ఖాయమైనప్పుడు పిల్ల ఇంగ్లీషు టీచరు ట్రైనింగ్ చేసిందని ఊరంతా చెప్పుకున్నారట. ఆ ట్రైనింగే మా ఇద్దరి మధ్య గోడలా నిలబడింది. ఆమె నన్ను ఒక్కసారి నువ్వు అంటే చాలని మూడు నెలలుగా ఎదురుచూస్తున్నాను. ఇప్పుడు ఉద్యోగం కూడా వచ్చింది. గోడ ఇంకో వరస లేచింది.

సంగతి తెలిసి నర్సింగమ్మ వచ్చి నా నోట్లో చక్కెర పోసింది. "ఇగ నీ కోడలు గొర్లను గూడ ఇంగ్లీషులనే అదిలిస్తది మల్లీశ్వరీ," అన్నది. అత్తమ్మకు నవ్వొచ్చింది. నా వైపు చూసి, కొంగుతో మూతి తుడుచుకున్నట్టు ఆ నవ్వును తుడిచేసుకుంది.

ఇంగ్లీషు బోధన నేర్చుకునేవాళ్ల గురించి జనం అనుకునే మాటలు నాకు కొత్తేమీ కాదు. బీఈడీ చదివిన రెండేళ్లూ వాటి మధ్యే గడిపాను. అప్పుడు చిరాకు పుట్టించినవే ఇప్పుడు తలుచుకుంటే ఎంత తియ్యగా ఉన్నాయో. పాలమూరులో మా కిరాయి గది పక్కనే ఇంటావిడ హనుమమ్మ ఉండేది. బీపీ గోలీల అట్ట, మిక్సీ గ్యారంటీ కాగితం, ఎవరిదో పెళ్లి కార్డు, అన్నీ నా దగ్గరికే తెచ్చేది. ఒకరోజు వాళ్ల మామగారి పెట్టెలో దొరికిన పాత కాగితం ఒకటి తెచ్చింది. అది ఉర్దూ. తెలుగు కానిదంతా ఇంగ్లీషే అని ఆమె లెక్క. నాకు రాదంటే నన్ను ఎగాదిగా చూసి, "గిన్ని పైసలు కట్టి గిదే నేర్వకపోతివా?" అని బాధపడింది. ఆ సాయంత్రం నా మీద జాలితో గిన్నెడు సర్వపిండి ముక్కలు పంపింది. అంత కమ్మని జాలి మళ్లీ ఎక్కడా దొరకలేదు.

బీఈడీలో లెక్కల మెథడ్ తీసుకున్నవాళ్లు మమ్మల్ని ఆటపట్టించేవాళ్లు. మాట్లాడితే చాలు, మీరు పాసైతరు అనేవాళ్లు. వాళ్లను ఏమనగలను? నేను అనుకున్నదీ అదే. మాకు ఇంగ్లీషు మెథడ్ చెప్పే రామచంద్రయ్య సారు నా నాలుక తిప్పి, వార్తలు చదివేవాళ్ల ఇంగ్లీషు అందులో పెడతాడని ఆశపడి చేరాను.

మొదటి రోజు సారు ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. తండా నుంచి వచ్చిన శ్రీకాంత్‌ను ముందుకు పిలిచి, గంటసేపు మాకు లంబాడీ నేర్పమన్నాడు. తెలుగు, ఇంగ్లీషు రెండూ బంద్. పదకొండు మందిమి, అందరం డిగ్రీలు పాసైనవాళ్లమే, మొద్దుల్లాగా కూర్చున్నాం. శ్రీకాంత్ ఏదో అడిగాడు. నేను లేచి నిలబడ్డాను. అతను తల అడ్డంగా ఊపాడు. కూర్చున్నాను. అదీ కాదట. చెమటలు పట్టాయి. చివరికి అతను తన టిఫిన్ డబ్బా తెరిచి రొట్టె చూపించి "బాటి" అన్నాడు. మేమంతా చిన్నపిల్లల్లాగా బాటి, బాటి అని అరిచాం. ఆ ఒక్క మాట వచ్చినందుకు ఎంత సంబరమో. ఆ రొట్టెను పదకొండు ముక్కలు చేసుకుని తిన్నాం. రాని భాష ముందు కూర్చుంటే కడుపులో ఎట్లా ఉంటుందో ముందు తెలియాలని, అదే మా మొదటి పాఠమని సారు తర్వాత చెప్పాడు.

మధ్యాహ్నం అత్తమ్మ దొడ్లోకి వెళ్లింది. పెద్ద గొర్రెలను మామ పొద్దున్నే మేతకు తోలుకుపోతాడు. పిల్లలు ఇంటి దగ్గరే ఉంటాయి. గోడ ఇవతలికి ఆమె మాటలు వినిపిస్తున్నాయి. "ఏందే, జర ఆగబుద్ధి గాదా నీకు? దాన్ని గూడ తిననియ్యి. గిట్ల కుమ్ముకుంటె మూతి పగుల్తది." గొర్రెపిల్లకు దక్కుతున్న నువ్వు నాకు దక్కడం లేదు. నిజం చెప్పాలంటే ఆ గొర్రెపిల్ల మీద కుళ్లుకున్నాను.

నన్ను చూడగానే ఆమె గొంతు మారింది. ఇక్కడికెందుకు వచ్చారండి, చీర పాడవుతుంది అన్నది. నేను వెళ్లి ఆమె పక్కన నేల మీదే కూర్చుని ఆకు కొమ్మలు విరవడం మొదలుపెట్టాను.

"అత్తమ్మా, ట్రైనింగుల నేను ఒక తప్పు చేసిన. ఎవ్వరికి చెప్పలే, గిరికి గూడ," అన్నాను.

ఆమె చేయి ఆగింది.

చెప్పాను. బడిలో నా చివరి పాఠం. వెనక బెంచీలో రామచంద్రయ్య సారు మార్కులు వేయడానికి కూర్చున్నాడు. పాఠం బ్రహ్మాండంగా నడిచింది. గంట కొట్టారు. పుస్తకాలు తీసుకుని గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, పిల్లలకు "ఐ విల్ గో అండ్ కమ్" అన్నాను. నలభై మంది లేచి నిలబడి ఒక్క గొంతుతో "గో అండ్ కమ్ టీచర్" అని నన్ను సాగనంపారు. సారు రిజిస్టరు ముఖానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

అత్తమ్మ నా ముఖంలోకి చూసింది. "పోయొస్త అన్నట్టే గద. దాంట్ల తప్పేమున్నది?"

"ఇంగ్లీషుల గట్లనరు. పోతున్న అంటరు, అంతే."

"అంటే మల్ల రారా?"

"వస్తరు."

"వచ్చేటట్టుంటె చెప్పాలె గద. పోతున్న అని ఎవరన్న ఇంట్లకెల్లి పోతరా? పిల్లలు మంచిగనే అన్నరు. నీకే తెల్వలే."

నీకే. నేను కదలకుండా కూర్చున్నాను, కదిలితే ఆ మాట ఎగిరిపోతుందేమోనని.

సారు ఏమన్నాడని అడిగింది. ఒక మార్కు కోసి, తర్వాత పిలిచి మాట్లాడాడని చెప్పాను. ఈ తప్పు నీ ఇంటి మాటలకెల్లి వచ్చింది, రేపు పిల్లలు చేసే తప్పులు గూడ అట్లనే వస్తయి, కొట్టేసే ముందు ఎక్కడికెల్లి వచ్చిందో చూడు అన్నాడని చెప్పాను.

అత్తమ్మ ఇంకో కొమ్మ అందుకుని ఆకు దూయసాగింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది. ఆమె ఆరో తరగతిలో ఉన్నప్పుడు స్కూలు అనే మాటను ఇస్కూలు అని చదివిందట. ఇంగ్లీషు సారు గంటసేపు బెంచీ ఎక్కించి, ఆ మాటే మళ్లీ మళ్లీ అనిపించి అందరినీ నవ్వించాడట. మర్నాటి నుంచి ఆమె బడి మానేసి వాళ్ల నాయిన వెంట గొర్రెల మందకు పోయింది.

"ఇంగ్లీషు చెప్పెటోళ్లు తప్పులు పట్టనీకే ఉంటరనుకున్న," అన్నది. "నువ్వొస్తున్నవంటె నిద్ర పట్టలే. టీవీల జూసి మంచి మాట నేర్సుకున్న, నీ ముంగట ఇజ్జత్ పోవద్దని."

నేను అలక అనీ, అహంకారమనీ, ఇంకేదో అనీ అనుకున్నది ఆరో తరగతి పిల్ల భయం.

"టీవీ మాట నాకే రాదత్తమ్మా," అన్నాను.

"నీకు గూడ రాదా?"

"రాదు. మా అమ్మ నన్ను ఇప్పటికీ ఓసి పిచ్చిదానా అనే పిలుస్తది."

ఆమె నవ్వింది. తుడుచుకోకుండా, ఆపుకోకుండా, గొర్రెపిల్లలు ఉలిక్కిపడి మూలకు పరుగెత్తేదాకా నవ్వింది. మూడు నెలలుగా దాచిన నవ్వంతా ఒక్కసారే నాకు ఇచ్చినట్టు అనిపించింది. తర్వాత నా తలలో చిక్కుకున్న ఆకు తీసేసి, "లే పిచ్చిదానా, చీర జూస్కో ఎట్లయిందో," అన్నది.

సాయంత్రం గిరి జిలేబీ పొట్లం తెచ్చాడు. మామ బీరన్న మందను దొడ్లోకి తోలి, కాళ్లు కడుక్కుని వచ్చి నా తల మీద చెయ్యి పెట్టాడు. అందరం రొట్టెల ముందు కూర్చున్నాం. రేపు సెలవు పెట్టానని, నన్ను బండి మీద పాలమూరు తీసుకుపోతానని గిరి అన్నాడు. నా వైపు దొంగచూపు కూడా చూశాడు. ఆ బండి ప్రయాణం తలుచుకుని నేనూ లోలోపల మురిసిపోయాను.

అత్తమ్మ ఇంకో రొట్టె అతని పళ్లెంలో వేసింది.

"నువ్వు నీ దవాఖానకు పో. ఏడు గంటల బస్సుకు నేను, అనూ పోతం. సర్టిఫికెట్ల సంచి నేను పట్టుకుంట. ఆఫీసుల పనైనంక దాని కాలేజికి పోయి ఆ మార్కు కోసిన సారును గూడ కలుస్తం, నేనే మాట్లాడత. గొర్రెపిల్లలకు ఆకు నర్సింగమ్మ ఏస్తది, చెప్పొచ్చిన."